40 అడుగుల పాత ట్రైలర్ కొంటున్నాను, డబ్బు ఇచ్చే ముందు మీ సలహా కావాలి

హార్స్4018
అన్నలందరికీ నమస్తే. పదకొండేళ్లు వేరేవాళ్ల బండ్లు నడిపాను. పోయిన ఏడాది 2014 మోడల్ టాటా 4018 హార్స్ (ట్రైలర్‌ని లాగే ఇంజన్ బండి) సొంతంగా కొన్నాను. ట్రైలర్ మాత్రం ఇప్పటికీ అద్దెదే. వచ్చిన కిరాయిలో ట్రైలర్ ఓనర్‌కి కట్టేది లెక్క వేసుకుంటే కడుపు తరుక్కుపోతోంది. పాతదైనా సరే, సొంతది ఒకటి ఉండాలని ఇంట్లో గట్టిగా అనుకున్నాం.

రెండు చూశాను. రెండూ 40 అడుగులవే, మూడు యాక్సిళ్లు, ప్లాట్‌ఫాం బాడీ, కంటైనర్ లాకులు కూడా ఉన్నాయి.

మొదటిది ఆటోనగర్‌లో ఉంది. 2012 మోడల్, ఏపీ 29 నంబర్. కొత్తగా పెయింట్ వేశారు, టైర్లు నల్లగా మెరుస్తున్నాయి. 4 లక్షల 60 వేలు అంటున్నాడు. రెండోది మేడ్చల్ అవతల ఒక షెడ్డులో ఉంది. 2015 మోడల్, టీఎస్ 08. పెయింట్ పోయి తుప్పు పట్టింది, టైర్లు అరిగాయి. అయినా 4 లక్షల 90 వేల కంటే తగ్గనంటున్నాడు.

నా దగ్గర రిపేర్లతో కలిపి ఆరున్నర లక్షలు ఉన్నాయి. మొదటిదే తీసుకుందామని మనసు లాగుతోంది. బ్రోకర్ రేపటికల్లా టోకెన్ ఇమ్మంటున్నాడు. హార్స్ అయితే ఇంజన్ శబ్దం విని చెప్పగలను కానీ, ట్రైలర్‌లో ఏం చూడాలో నాకు నిజంగా తెలియదు.

పాత డ్రైవర్
తమ్ముడూ, రేపు టోకెన్ ఇవ్వకు. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతావి చెబుతాను.

అమ్మే ముందు రోజు పెయింట్ వేసిన ట్రైలర్‌ని నేను ఎప్పుడూ అనుమానంగానే చూస్తాను. తుప్పు కనిపిస్తే భయం లేదు, ఎక్కడుందో తెలుస్తుంది. పగులు మీద పుట్టీ పెట్టి రంగు కొడితే నీకు ఏమీ తెలియదు. ట్రైలర్‌కి ఇంజన్ లేదు, గేర్‌బాక్స్ లేదు. ఉన్నదల్లా రెండు పొడవాటి బీములు, వాటి కింద యాక్సిళ్లు. ఆ బీములు పోతే నువ్వు కొన్నది తుక్కే.

వెళ్లినప్పుడు ట్రైలర్ ఖాళీగా, నేల చదునుగా ఉన్న చోట ఉండాలి. వెనక నిలబడి ఒక కన్ను మూసి బీమ్ పొడవునా చూడు. తర్వాత ఒక దారం ముందు నుంచి వెనక్కి బిగించి పట్టు. మంచి ప్లాట్‌ఫాం ట్రైలర్‌ని తయారుచేసేటప్పుడే నడుము కాస్త పైకి ఉండేలా చేస్తారు, లోడ్ పడగానే అది చదును అవుతుంది. ఖాళీగా ఉన్నప్పుడే నడుము కిందికి దిగి ఉంటే, దాని మీద ఎన్నేళ్లు ఎంత ఓవర్‌లోడ్ వేశారో ఇక అడగక్కర్లేదు. అలాంటిది సగం ధరకి ఇచ్చినా వద్దు.

కాగితాల పని
నేను ఇరవై ఏళ్లుగా ఆర్టీఏ పనులు చేయిస్తున్నాను. బండి చూడటానికి వెళ్లే ముందే పరివాహన్ సైట్‌లో ట్రైలర్ నంబర్ కొట్టి చూడండి. హార్స్ నంబర్ కాదు, ట్రైలర్‌దే. దానికి సొంత రిజిస్ట్రేషన్, సొంత ఛాసీ నంబర్, సొంత ఫిట్‌నెస్ ఉంటాయి. చాలామంది ఇక్కడే పొరబడి హార్స్ కాగితాలు చూసి తృప్తి పడతారు.

ఛాసీ నంబర్ బీమ్ మీద పంచ్ చేసి ఉంటుంది. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోండి, ఆర్‌సీతో ఒక్కో అంకె సరిచూడండి. ఆ చోట గ్రైండర్ తిప్పిన గుర్తు గానీ, వేరే ప్లేటు వెల్డ్ చేసినట్టు గానీ ఉంటే అక్కడి నుంచి వచ్చేయండి. బేరం కూడా ఆడొద్దు.

ఫైనాన్స్ ఉందా అన్నది తర్వాత చూడాల్సింది. లోన్ కట్టేశామంటారు, ఆర్‌సీలో మాత్రం హైపోథికేషన్, అంటే బండి ఫైనాన్స్ వాళ్లకి తాకట్టులో ఉందన్న నమోదు, అలాగే ఉంటుంది. ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 చేతికి వచ్చి, రికార్డులో కొట్టివేత పడ్డాకే మిగతా డబ్బు ఇవ్వాలి. అమ్మేవాళ్లు ఫారం 29 మీద సంతకం పెట్టాలి, ఫారం 30 మీద వాళ్లూ మీరూ ఇద్దరూ పెట్టాలి. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 మీద అక్కడి ఎన్‌ఓసీ కూడా కావాలి. క్వార్టర్లీ ట్యాక్స్ బాకీలు, చలాన్లు ఎవరు కడతారో కాగితం మీద రాయించుకోండి.

ఫిట్‌నెస్ సంగతి కూడా. రవాణా బండికి 8 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. మీరు చూసిన రెండూ 8 ఏళ్లు దాటినవే. అంటే ప్రతి ఏడాదీ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాల్సిందే. ఈ ఏడాది ఎలాగో గట్టెక్కితే చాలనుకునే రిపేరు మీకు పనికిరాదు.

పన్నెండు టైర్లు
టైర్ల మెరుపు చూసి మోసపోకు తమ్ముడూ. సైడ్‌వాల్ మీద చివరి నాలుగు అంకెలు చదువు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. పాత టైరుకి నల్ల పాలిష్ కొట్టడం ఎంతసేపు?

హయత్‌నగర్ వెల్డర్
పగుళ్లు ఎక్కడ వస్తాయో నేను చెబుతాను, ఇది నా రోజువారీ పని.

బీమ్ ముందు భాగంలో సన్నబడి మెడలా వంగే చోటు ఉంటుంది కదా, ఆ వంపు దగ్గర మొదట చూడాలి. తర్వాత ల్యాండింగ్ లెగ్గులు, అంటే హార్స్ విప్పినప్పుడు ట్రైలర్ నిలబడే కాళ్లు, బిగించిన చోటు. ఆ తర్వాత కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) వేలాడే హ్యాంగర్ బ్రాకెట్లు బీమ్‌కి అతుక్కున్న చోట్లు, లోపలి వైపు నుంచి. బీమ్ కింది పట్టీ అంచులు వేళ్లతో తడుముతూ పోవాలి. అడ్డంగా వెల్డింగ్ గీత తగిలితే అక్కడ ఒకప్పుడు విరిగిందని అర్థం.

అనుమానం వచ్చిన చోట పెయింట్ గీకి కిరసనాయిలు పూయండి. పది నిమిషాలు ఆగి శుభ్రంగా తుడిచి సుద్ద పొడి రుద్దండి. పగులు ఉంటే లోపలికి దిగిన కిరసనాయిలు మళ్లీ బయటికి వచ్చి తెల్ల సుద్ద మీద సన్నటి తడి గీతలా కనిపిస్తుంది. దీనికి డై పెనెట్రాంట్ డబ్బాలు దొరుకుతాయి, ఎర్ర రంగు, తెల్ల రంగు స్ప్రే. కొంటే మంచిదే. కొనకపోయినా సుద్ద పనిచేస్తుంది.

గీకనివ్వనని ఓనర్ అంటే అదే మీకు సమాధానం.

లేత్ షాపు
ట్రైలర్‌ని హార్స్‌కి జతచేసే కింగ్ పిన్ మర్చిపోకండి. వెర్నియర్ కాలిపర్ తీసుకెళ్లండి, లేకపోతే దగ్గరలోని ఏ లేత్ షాపులోనైనా అడిగితే ఇస్తారు. రెండు అంగుళాల పిన్ కొత్తగా ఉన్నప్పుడు 50.8 మిల్లీమీటర్లు ఉంటుంది. మెడ దగ్గర గ్రీసు పూర్తిగా తుడిచి, ముందు నుంచి వెనక్కి ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి. ముందు వెనకల వైపే ఎక్కువ అరుగుతుంది. 49 కంటే తగ్గిందంటే మార్చాల్సిందే. పిన్ చుట్టూ ఉన్న పెద్ద ప్లేటు మీద స్టీలు స్కేలు నిలబెట్టి చూడండి, వంగిందా లేదా తెలిసిపోతుంది.

హార్స్4018
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. బ్రోకర్‌కి టోకెన్ ఇవ్వలేదు. ఆదివారం మా బావమరిదిని తీసుకుని రెండు చోట్లకీ వెళ్తాను. దారం, టేపు, సుద్ద, కిరసనాయిలు, కాలిపర్ అన్నీ సంచిలో పెట్టుకున్నాను.

నిజాంపేట ఫ్లీట్
కింగ్ పిన్ 49 కంటే తగ్గిందని ట్రైలర్ వదులుకోవాల్సిన పని లేదు. మా ట్రైలర్ పిన్ అరిగితే వెల్డింగ్ పోయించి లేత్ మీద సైజుకి తెచ్చాం. మూడేళ్లు నడిచింది, ఏమీ కాలేదు. అందరినీ భయపెట్టకండి.

హయత్‌నగర్ వెల్డర్
అన్నా, గౌరవంగానే చెబుతున్నాను. ఆ పని నా దగ్గరికి వస్తే చేయను. కింగ్ పిన్ ఫోర్జింగ్ చేసి గట్టిపరిచిన ఉక్కు. దాని మీద వెల్డింగ్ పోస్తే ఆ వేడికి గట్టితనం పోతుంది, వెల్డ్ అంచున పెళుసు అవుతుంది. బయటికి సైజు సరిగ్గానే ఉంటుంది. లోపల ఎప్పుడు పగులుతుందో ఎవరూ చెప్పలేరు. కొత్త పిన్ ధర మొత్తం ట్రైలర్ ఖర్చులో ఎంత?

పాత డ్రైవర్
నేను ఒకటి చూశాను, అందుకే రాస్తున్నాను. చాలా ఏళ్ల కిందట నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ పాత రోడ్డు మీద నా ముందు వెళ్తున్న బండి పిన్ విరిగింది. హార్స్ ముందుకు వెళ్లిపోయింది, ట్రైలర్ లెగ్గులు లేకుండా ముక్కు మీద కూలి రోడ్డుకి అడ్డంగా తిరిగింది. ఆ సమయానికి ఎదురుగా బస్సు రాలేదు, అంతే. ఆ డ్రైవర్ రోడ్డు పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడలేకపోయాడు. నేనే నీళ్లు తాగించాను. ఆ రోజు నుంచి నేను ఎక్కే ప్రతి ట్రైలర్‌కీ వంగి పిన్ చూసి గానీ జత కట్టను.

నిజాంపేట ఫ్లీట్
మీరు చెప్పింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ట్రైలర్ ఇంకా మా దగ్గరే ఉంది. ఈ వారమే పిన్ మార్పిస్తాను.

హార్స్4018
వెళ్లొచ్చాను. వివరంగా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు ఆటోనగర్‌ది. దారం పట్టగానే తేలిపోయింది. నడుము దగ్గర బీమ్ దారం కంటే రెండు వేళ్లు కిందికి ఉంది. మెడ వంపు దగ్గర లోపలి వైపు ఒక ప్లేటు అతికించి ఉంది, దాని మీద పుట్టీ. గీకుతానంటే అక్కడున్న మనిషికి కోపం వచ్చింది. కింగ్ పిన్ కొలిస్తే ఒక వైపు 48.6. టైర్లలో ఎనిమిది 2017వి. నేను ముందే టోకెన్ ఇచ్చి ఉంటే ఆ డబ్బు తిరిగి వచ్చేది కాదు. ఇంటికి వచ్చే దారిలో బావమరిది, నేను చాలాసేపు మాట్లాడుకోలేదు.

తర్వాత మేడ్చల్‌ది. చూడటానికి బాలేదు. కానీ దారం పడితే నడుము పైకే ఉంది. పిన్ 50.1. ఛాసీ నంబర్ ప్రింట్ ఆర్‌సీతో కలిసింది. సుద్ద పెడితే రెండో యాక్సిల్ ఎడమ హ్యాంగర్ దగ్గర వేలెడంత పగులు గీత కనిపించింది. ఓనర్ పెద్దాయనే దగ్గరుండి టార్చి పట్టుకుని చూపించాడు, దాచలేదు. ప్లాట్‌ఫాం రేకు మూడు చోట్ల తినేసింది. ఒక కమాన్ కట్టలో పట్టీ విరిగింది. ఆర్‌సీలో హైపోథికేషన్ ఇంకా కనిపిస్తోంది, లోన్ ఎప్పుడో తీరిపోయిందని ఆయన అంటున్నాడు.

హ్యాంగర్ దగ్గర పగులు ఉన్నదాన్ని కొనొచ్చా?

హయత్‌నగర్ వెల్డర్
పగులు బ్రాకెట్‌లో ఉందా, బీమ్‌లోకి పాకిందా? ఫోటో తీసి పెట్టండి.

హార్స్4018
బ్రాకెట్ వెల్డింగ్ అంచు వెంబడే ఉంది. బీమ్ మీద సుద్ద పొడిగానే ఉంది. రెండుసార్లు చూశాను.

హయత్‌నగర్ వెల్డర్
అయితే కొనొచ్చు. ఇది చేయగలిగిన పనే. కానీ ఎలా చేయాలో వినండి, ఏ మేస్త్రీ దగ్గర చేయించినా పక్కనే నిలబడండి.

పగులు మీద అలాగే వెల్డింగ్ లాగేయకూడదు. పగులు కొసలో చిన్న రంధ్రం వేయాలి, లేకపోతే అది ముందుకు పాకుతుంది. తర్వాత గ్రైండర్‌తో వి ఆకారంలో అడుగు దాకా తవ్వాలి. 7018 రకం వెల్డింగ్ రాడ్లు వాడాలి, అవి ఓవెన్‌లో ఎండబెట్టినవై ఉండాలి. తడి పీల్చిన రాడ్డుతో వేస్తే లోపలికి హైడ్రోజన్ చేరి, పని అయ్యాక మళ్లీ పగులుతుంది. ట్రైలర్ బీములు చాలావరకు మామూలు ఇనుము కాదు, బీఎస్‌కే 46 లాంటి ఎక్కువ బలమున్న ఉక్కు. దానికి చేతికందిన రాడ్డు పనికిరాదు. బలానికి ప్లేటు వేయాల్సి వస్తే కొసలు ఏటవాలుగా కోసి వేయాలి. బీమ్ కింది పట్టీ మీద అడ్డంగా గీత పెట్టనివ్వద్దు. విరిగేది ఆ అడ్డగీత దగ్గరే.

ఇంకొకటి, వెల్డింగ్‌కి ముందు హార్స్ విప్పి దూరంగా పెట్టండి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటికి దగ్గరే పట్టించండి. ఎక్కడో చక్రానికి తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడుచేస్తుంది.

కాగితాల పని
హైపోథికేషన్ కొట్టివేత పడకుండా అడ్వాన్స్ 50 వేలు దాటి ఇవ్వకండి. ఆయన మంచివాడే అయి ఉండొచ్చు, కానీ ఫైనాన్స్ ఆఫీసులో ఫైల్ దొరకడానికే ఒక్కోసారి నెల పడుతుంది.

హార్స్4018
నెల కాదు, ఐదు వారాలు పట్టింది. ఫైనాన్స్ ఆఫీసుకి ఆ పెద్దాయన, నేను కలిసి నాలుగుసార్లు తిరిగాం. ప్రతిసారీ రేపు రమ్మనేవాళ్లు. మూడోసారి ఆయన మెట్ల మీదే కూర్చుండిపోయాడు, మోకాళ్ల నొప్పులు. మొత్తానికి ఫారం 35 వచ్చింది, రికార్డు క్లియర్ అయింది. హ్యాంగర్ పగులు, విరిగిన పట్టీ చూపించి బేరం చేస్తే 4 లక్షల 55 వేలకి ఒప్పుకున్నాడు. నిన్న ట్రైలర్ ఆటోనగర్‌కి తెచ్చాను. సొంత హార్స్ వెనక సొంత ట్రైలర్ కట్టుకుని ఔటర్ మీద రావడం నాకు మాటల్లో చెప్పడం రావట్లేదు.

పన్నెండు టైర్లు
శుభం తమ్ముడూ! ఇక టైర్ల మీద డబ్బు పెట్టే ముందు యాక్సిళ్లు తిన్నగా ఉన్నాయో లేదో కొలిపించు. లేకపోతే కొత్త టైర్లు కూడా మూడు నెలల్లో ఒక వైపే తినేస్తాయి.

ఇంట్లో చేసుకునే పద్ధతే ఇది. కింగ్ పిన్ మధ్య నుంచి మేస్త్రీలు వాడే గుండు దారం నేల మీదికి వదిలి చుక్క పెట్టు. ఆ చుక్క నుంచి మొదటి యాక్సిల్ ఎడమ కొసకి, కుడి కొసకి టేపు బిగించి కొలువు. రెండింటికీ 3 మిల్లీమీటర్లకు మించి తేడా ఉండకూడదు. తర్వాత మొదటి యాక్సిల్ నుంచి రెండోదానికి, రెండో దాని నుంచి మూడోదానికి రెండు వైపులా కొలువు, అక్కడ ఇంకా తక్కువ తేడా ఉండాలి. యాక్సిల్‌ని తిన్నగా పట్టి ఉంచే టార్క్ రాడ్లలో ఒక వైపువి తిప్పి సరిచేసుకునేలా ఉంటాయి. బుష్‌లు అరిగి ఉంటే ముందు అవి మార్చాలి, లేకపోతే సరిచేసింది నిలవదు.

ఎన్‌హెచ్44
రీట్రెడ్ టైర్లు (అరిగినవాటి మీద కొత్త రబ్బరు వేసినవి) వేయొద్దని నా మాట. మే నెలలో ఆదిలాబాద్ వైపు రెండు పేలాయి నాకు. ఒకటి పేలితే రేకు చీరుకుపోయి గాలి పైపు కూడా తెగింది.

పన్నెండు టైర్లు
అన్నా, రీట్రెడ్ అంతా చెడ్డది కాదు. కేసింగ్, అంటే టైరు అసలు ఒళ్లు, మంచిదైతే ట్రైలర్ చక్రాలకి బాగానే వస్తుంది. ఎక్కువసార్లు గాలి తక్కువతో నడిచిన కేసింగ్ లోపల చచ్చిపోయి ఉంటుంది, దాని మీద రబ్బరు వేస్తే పేలక మానదు. జత టైర్లలో ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి పెట్టినా పెద్దదాని మీదే బరువంతా పడి అది వేడెక్కుతుంది. పేలిన వాటిలో సగం ఇలాంటివే అని నా నమ్మకం.

మూడు యాక్సిళ్ల ట్రైలర్ మలుపు తిరిగేటప్పుడు మధ్య యాక్సిల్ టైర్లు తక్కువ రాసుకుంటాయి, ముందూ వెనకా ఎక్కువ. రీట్రెడ్ మధ్యలో వేసి, కొత్తవి చివర వేయమంటాను.

ఎన్‌హెచ్44
గాలి సంగతి ఒప్పుకుంటాను. ఆ ట్రిప్‌లో గేజీ పెట్టి చూసుకోలేదు. అయినా ఎండాకాలం నాకు భయమే.

లేత్ షాపు
బ్రేకుల గురించి ఎవరూ మాట్లాడలేదు. ట్రైలర్‌కి రెండు గాలి లైన్లు. ఎర్రది సప్లై, పసుపుది కంట్రోల్. హార్స్ జతచేసి గాలి పూర్తిగా నింపాక ఎర్ర లైన్ విప్పి చూడండి. ఆ క్షణంలోనే ట్రైలర్ బ్రేకులు తమంతట తామే పట్టేయాలి. ట్రైలర్ విడిపోతే ఆగేది దీనివల్లే. పట్టకపోతే రిలే ఎమర్జెన్సీ వాల్వ్ పోయిందన్నమాట. పాత ట్రైలర్‌లో ట్యాంకు అడుగు కాక్ తిప్పితే నీళ్లు, నూనె వస్తాయి. అవే వాల్వ్ రబ్బర్లని తినేస్తాయి.

హార్స్4018
మీరు చెప్పినట్టే విప్పి చూశాను అన్నా. బ్రేకులు పట్టలేదు. ఏమీ జరగలేదు. ట్రైలర్ అలాగే నిలబడి ఉంది, గాలి మాత్రం బుస్సున పోయింది. మేడ్చల్ నుంచి ఆటోనగర్ దాకా దీన్నే లాక్కొచ్చానని తలచుకుంటే చేతులు చల్లబడ్డాయి. ట్యాంకులోంచి లీటరు పైనే మురికి నీళ్లు వచ్చాయి. వాల్వ్ కొత్తది వేయిస్తున్నాను. బ్రేకు బూస్టర్ల డయాఫ్రాలు, బ్రేకు లైనర్లు కూడా మార్చేస్తున్నాం.

రాణిగంజ్ స్పేర్స్
వాల్వ్ కొనేటప్పుడు రిపేరు కిట్ వేసి కొత్తదిగా అమ్మేవి ఉంటాయి, జాగ్రత్త. డబ్బా సీలు, బిల్లు రెండూ చూసి తీసుకో. బేరింగులదీ అదే సంగతి. బ్రేకు, బేరింగు, కింగ్ పిన్, ఈ మూడింటికీ బిల్లు లేని సరుకు వాడొద్దు. నేను అమ్మేవాణ్నే చెబుతున్నాను.

హార్స్4018
మూడు వారాల పని ఈ రోజుతో అయింది. ఖర్చు దాచకుండా రాస్తున్నాను.

హ్యాంగర్, ప్లాట్‌ఫాం రేకు, వెల్డింగ్ అంతా కలిపి 28 వేలు. కమాన్ పట్టీలు, బుష్‌లు, యూ బోల్టులు 36 వేలు. బ్రేకుల పని 41 వేలు. హబ్ బేరింగులు, సీళ్లు, గ్రీసు 22 వేలు. ఆరు రీట్రెడ్ టైర్లకి 33 వేలు, నాలుగు కొత్త రేడియల్స్‌కి 88 వేలు, రెండు పాతవి మంచివే ఉన్నాయి. లైట్లు, వైరింగ్, రిఫ్లెక్టర్ టేపు, వెనక గార్డు, పెయింట్ 30 వేలు. ట్రాన్స్‌ఫర్, ట్యాక్స్, ఫిట్‌నెస్ 18 వేలు. మొత్తం 2 లక్షల 96 వేలు. ట్రైలర్ ధరతో కలిపి 7 లక్షల 51 వేలు.

అనుకున్నదానికంటే లక్ష ఎక్కువైంది. ఆ లక్ష మా బావమరిది ఇచ్చాడు, వడ్డీ అడగలేదు.

ఫిట్‌నెస్‌లో ఇన్‌స్పెక్టర్ వెనక గార్డు ఎత్తు టేపు పెట్టి కొలిచాడు. ఖాళీ ట్రైలర్‌కి నేల నుంచి 550 మిల్లీమీటర్లకు మించకూడదట. ముందు పెట్టించింది కాస్త ఎత్తయింది, పక్కనే విప్పించి కిందికి దించి మళ్లీ చూపించాను. రిఫ్లెక్టర్ టేపు వెనక ఎరుపు, పక్కల పసుపు. రాత్రిపూట ఆగి ఉన్న ట్రైలర్ కిందికి బైకులు దూరిపోవడం నేను రెండుసార్లు కళ్లారా చూశాను. అందుకే టేపు మాత్రం అడిగిన దానికంటే ఎక్కువే వేయించాను.

కాగితాల పని
హార్స్ ఇన్సూరెన్స్ పాలసీలో ఈ ట్రైలర్ నంబర్ ఎక్కించారా? లేక దానికి వేరే పాలసీ తీసుకున్నారా? అద్దె ట్రైలర్ తిప్పినవాళ్లు సొంతది కొన్నాక చాలామంది ఇది మర్చిపోతారు. ప్రమాదం జరిగాక తెలిస్తే ఇల్లు అమ్ముకోవాలి.

హార్స్4018
మర్చిపోయాను సార్. రేపే చేయిస్తాను. అది అయ్యాకే లోడ్ ఎత్తుతాను.

పాత డ్రైవర్
ఎంత లోడ్ ఎత్తుతావు?

హార్స్4018
ఆర్‌సీ ప్రకారం మొత్తం 40.2 టన్నులు బాబాయ్. హార్స్, ట్రైలర్ ఖాళీ కాటా 14 దగ్గర వచ్చింది. అంటే సరుకు 26. కొత్త 4018 తరహా బండ్లకి 2018 తర్వాత 45.5 అంటున్నారు కదా, నేనూ వేయొచ్చని ఒక ఆఫీసులో చెప్పారు.

పాత డ్రైవర్
నీ ఆర్‌సీలో ఏం రాసి ఉందో అదే నీ లెక్క. చట్టం 2019లో మార్చాక ఓవర్‌లోడ్‌కి 20 వేలు, పైన ప్రతి టన్నుకి 2 వేలు అని 194 సెక్షన్‌లో ఉంది. ఎక్కువైన సరుకు అక్కడే దించమంటారు. కానీ నేను అడిగేది ఫైన్ గురించి కాదు నాయనా. నువ్వు వదిలేసిన ఆటోనగర్ ట్రైలర్ నడుము ఎందుకు దిగిపోయిందో నువ్వే దారం పట్టి చూశావు కదా.

హార్స్4018
26 దాటను బాబాయ్.

హార్స్4018
సూర్యాపేట దగ్గర ఆపి రాస్తున్నాను, ఎవరైనా ఉంటే చెప్పండి. జీడిమెట్ల నుంచి మెషినరీ వేసుకుని వైజాగ్ వెళ్తున్నాను. రెండో యాక్సిల్ ఎడమ చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంది. చెయ్యి పెట్టలేకపోతున్నాను. టెన్షన్‌గా ఉంది.

లేత్ షాపు
నీళ్లు పోయకు! వేడి ఎక్కడ ఉంది? మధ్యలో హబ్ మూత దగ్గరా, వెనక డ్రమ్ దగ్గరా? మూత వేడిగా ఉంటే బేరింగ్ బిగువు ఎక్కువైంది. డ్రమ్ వేడిగా ఉంటే బ్రేకు వదలట్లేదు.

హార్స్4018
డ్రమ్. మూత పర్లేదు.

లేత్ షాపు
అయితే భయపడకు. చక్రాలకి ముందు వెనక రాళ్లు పెట్టు. తర్వాత బ్రేకులు వదిలేసి కిందికి వెళ్లి, ఆ చక్రం స్లాక్ అడ్జస్టర్ (బ్రేకు బిగువు సరిచేసే చెయ్యి) చేతితో కదిపి చూడు. మిగతావాటితో పోల్చు. కదలకపోతే బిగువు ఎక్కువైంది, కొంచెం వెనక్కి తిప్పు. అది సరిగ్గానే ఉంటే షూల రిటర్న్ స్ప్రింగ్ తెగి ఉంటుంది.

హార్స్4018
అడ్జస్టర్ బాగానే కదులుతోంది అన్నా. స్ప్రింగే. దగ్గర్లో ఒక మెకానిక్ డ్రమ్ విప్పాడు, పాత స్ప్రింగ్ రెండు ముక్కలుగా ఉంది. లైనర్లు మార్చినప్పుడు స్ప్రింగులు పాతవే పెట్టారు, నేను పక్కనే ఉండి కూడా అడగలేదు. ఆరు చక్రాలవీ మార్పిస్తున్నాను. వీల్ నట్లు ఇక్కడొకసారి, విజయవాడలో ఒకసారి బిగిస్తాను.

హార్స్4018
క్షేమంగా చేరాను. లోడ్ దిగింది. రేపు స్టీల్ రిటర్న్ లోడ్ దొరికింది, 25 టన్నులు. అనకాపల్లి దగ్గర ఆపి చూసినప్పుడు అన్ని హబ్‌లూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ముందు ట్రైలర్ ఎలా ఉందని అడిగి, తర్వాత నేను తిన్నానా అని అడిగింది.

కాటేదాన్ కొత్త
అన్నా, ఈ చర్చ మొత్తం రెండుసార్లు చదివాను. నేనూ ఒక 20 అడుగుల స్కెలిటల్ ట్రైలర్ (ప్లాట్‌ఫాం లేకుండా ఫ్రేమ్ మాత్రమే ఉండేది) చూస్తున్నాను, వచ్చే ఆదివారం చూడటానికి రమ్మన్నారు. దారం పట్టి చూడటం ఒక్కణ్నే అయితే కుదురుతుందా?

హార్స్4018
ఒక్కడివే వద్దు తమ్ముడూ. శుక్రవారానికి నేను హైదరాబాద్ వచ్చేస్తాను. ఆదివారం పొద్దున ఏడింటికి ఆరామ్‌ఘర్ దగ్గర ఉండు. సుద్ద, దారం, టేపు నా దగ్గర ఉన్నాయి. నువ్వు ఒక అర లీటరు కిరసనాయిలు, పాత గుడ్డలు తీసుకురా.